పిన్నిగారి ఎండ

పిన్నిగారు మొన్న మే నెలలో పోయారు. ఆవిడ పేరు రాయడం లేదు. దాచాల్సిందేమీ లేదు గాని, ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్ళు నాకు తెలిసి మునిసిపల్ ఆఫీసువాళ్ళే. అదీ ఆవిడ ఇచ్చిన ఫిర్యాదుల కింద సంతకం చూసి చదవడమే. మిగతా వీధి మొత్తానికీ ఆవిడ పిన్నిగారు. వయసులో ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా పిన్నిగారనే అనేవారు. ఆవిడ కాదనలేదు.

మాది కొవ్వూరు. నాకు ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది. దుకాణం మీదే ఇల్లు. మా పడమటి గోడ పక్కన పిన్నిగారి ఇల్లు, పాతకాలం డాబా, మీద అంతస్తు లేదు. వాళ్ళాయన ఉన్న రోజుల్లో ముందు గదిలో కిరాణా కొట్టు ఉండేది. ఆయన పోయాక ఆ గది సెల్‌ఫోన్లు బాగుచేసే ఒకతనికి అద్దెకిచ్చి, వంటిల్లూ డాబా మీద జాగా తనకోసం ఉంచుకున్నారు. రెండింటిలో ఏది ముఖ్యమని అడిగితే డాబాయే అనేవారు. వంట ఎక్కడైనా చేసుకోవచ్చట.

ఆ డాబా మీద ఆవిడ వడియాలు పెట్టేవారు. అప్పడాలు, చల్ల మిరపకాయలు కూడా. ఊళ్ళో సంబంధం ఖాయమైతే పురోహితుడి తర్వాత కబురు వెళ్ళేది ఆవిడకే. వంతెన దాటి రాజమండ్రి నించి కూడా వచ్చి పట్టుకెళ్ళేవారు. అడగ్గానే ఒప్పుకునే మనిషి కాదు. "ఎండ చూసి చెబుతాను" అనేవారు. పెళ్ళివారు ముహూర్తం చెబుతున్నా సరే, ఆవిడ మాత్రం ఆకాశం వైపు చూస్తూ ఉండేవారు.

మనిషి పొట్టి. నెత్తి మీద తడి తువ్వాలు, చేతిలో నల్ల గొడుగు. గొడుగు ఆవిడ కోసం కాదు. దాన్ని తెరిచి వడియాల పక్కన పెడితే కాకులు రావని. తను మాత్రం ఎండలోనే నిలబడేవారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, పిట్టగోడ నీడ ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుని, ఆపిన మాట దగ్గర మళ్ళీ మొదలుపెట్టేవారు. ఎవరింటి గొప్ప చెప్పినా ఆవిడ అడిగేది ఒక్కటే. మా బంధువులమ్మాయికి రాజమండ్రిలో మంచి సంబంధం కుదిరిందనీ, సొంత అపార్ట్‌మెంటు ఉందనీ మా ఆవిడ చెబితే, "అపార్ట్‌మెంటా? మరి పిల్ల ఆవకాయ ముక్కలు ఎక్కడ ఆరబెట్టుకుంటుంది?" అన్నారు. మా ఆవిడ ఆ సంగతి వాళ్ళని అడగలేదు.

ఇళ్ళ ఎత్తు గురించి ఆవిడకి పట్టింపు మొదలైంది ఆవిడ పడమటింటివల్ల. ఆ ఇల్లు ఒక సిమెంటు వ్యాపారిది. సిమెంటు చేతిలో ఉన్న మనిషి కాబట్టి కట్టడానికి పెద్దగా ఆలోచించేవాడు కాదు. ఆయన రెండంతస్తులు లేపేసరికి పిన్నిగారి డాబా మీద సాయంత్రం ఎండ పోయింది. ఆవిడ మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళారు. అక్కడ టౌన్ ప్లానింగ్ చూసే అధికారి కొత్తగా వచ్చినవాడు, మర్యాదస్తుడు. మన వీధి వెడల్పుకి కింది ఇల్లు కాక మీద రెండంతస్తులు వేసుకోవచ్చనీ, మొత్తం ఎత్తు మాత్రం పది మీటర్లు దాటకూడదనీ, మెట్ల గదీ వాటర్ ట్యాంకూ అందులో లెక్కకి రావనీ ఓపిగ్గా చెప్పాడు.

"పది మీటర్లంటే ఎంత నాయనా?" అని అడిగారట.

"ముప్పై మూడడుగులు అనుకోండి."

"అలా కాదు. చీరల లెక్కన చెప్పు."

అతను కాస్త ఆలోచించి, చీర అయిదున్నర మీటర్లుంటుంది గనక, ముడికీ చేతికి చుట్టుకోడానికీ పోను, రెండు చీరలు కలిపి కడితే పది మీటర్లవుతుందని చెప్పాడు. లెక్క తప్పు కాదు. ఆ తర్వాత ఆ మాట ఎందుకన్నానా అని అతను చాలాసార్లు అనుకుని ఉంటాడు.

అప్పటినించి మా వీధిలో ఇళ్ళకి కొత్త కొలత వచ్చింది. ఫలానావారిది చీరన్నర ఇల్లు, ఫలానావారిది రెండు చీరలకి ఒక కొంగు తక్కువ, అనేవారు పిన్నిగారు. సిమెంటు ఆయనది సరిగ్గా రెండు చీరలు. అందుకని ఆవిడ ఆ సాయంత్రం ఎండని వదులుకున్నారు. రూలు రూలేనన్నారు. పొద్దుటి ఎండ ఉంది కదా అని సర్దుకున్నారు.

ఆ పొద్దుటి ఎండకి అడ్డం వచ్చింది నేను.

జంగారెడ్డిగూడెంలో పొగాకు వ్యాపారం చేసే మా తమ్ముడు అది మానేసి భార్యాపిల్లలతో కొవ్వూరు వచ్చేస్తానన్నాడు. వాడి కోసం మా ఇంటి మీద రెండో అంతస్తు వేయడం మొదలుపెట్టాను. ప్లాను పెట్టి, పర్మిషను తీసుకుని, గీసిన గీత దాటకుండా కట్టించాను. నిబంధన ప్రకారం ఇల్లు కట్టేవాణ్ణి మా మేస్త్రీ అంతకుముందు చూసినట్టు లేడు. మొదట్లో జాలిపడ్డాడు, తర్వాత అలవాటుపడ్డాడు.

గుమ్మడి వడియాల సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. బూడిద గుమ్మడికాయ ముక్కల్ని ముందురోజే మూటకట్టి, మీద రాయి పెట్టి నీరంతా కార్చాలి. మినప్పిండి రుబ్బి కలిపి, వెలుగు రాగానే తడిగుడ్డ మీద పెట్టాలి. పెట్టగానే ఎండ తగలాలి. తగలకపోతే పిండి పులుస్తుంది. పులిసిన వడియం వేయిస్తే ఎర్రగా మాడినట్టుంటుంది, నోట్లో పుల్లగా తగులుతుంది. పెళ్ళిలో అలాంటిది ఒక్కటి విస్తట్లో పడినా పిన్నిగారి పేరు పోతుంది. ఆవిడకి ఆస్తి ఉంది, తిండికి లోటు లేదు, కాని ఊళ్ళో ఆవిడ ఎవరు అంటే ఆ వడియాలే. మా ఇల్లు రెండో అంతస్తు దాకా లేస్తే ఆవిడ డాబా మీదకి ఎండ వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది.

రెండో అంతస్తు శ్లాబుకి సెంట్రింగు చెక్కలు విప్పిన మర్నాడు, కూలీలు భోజనాలకి వెళ్ళిన వేళ, పిన్నిగారు మా మెట్లెక్కి పైకి వెళ్ళారు. చంకలో రెండు చీరలు. రోడ్డు వైపు శ్లాబు అంచున నిలబడి, ముడేసిన చీరలు కిందకి వదిలారు. కింద మా ఆవిడ కూరగాయల బండి దగ్గర బేరమాడుతోంది.

"అమ్మాయ్, ఆ కొస పట్టుకో" అన్నారు పైనించి.

మా ఆవిడ, పిన్నిగారేదో చీర ఆరేసుకుంటున్నారనుకుంది. వంకాయలు పక్కన పెట్టి పట్టుకుంది.

"నేలకి తగిలిందా?"

"లేదండి పిన్నిగారూ, మూరెడు పైనే ఉండిపోయింది."

"సరిగ్గా చూసి చెప్పు."

"మూరెడు ఉందండి."

"గుర్తుపెట్టుకో" అని చీరలు పైకి లాగేసుకున్నారు.

ఆ విధంగా మా ఇంటి మీద వెళ్ళిన ఫిర్యాదులో సాక్షి మా ఆవిడ. ఆ వారంలోనే టౌన్ ప్లానింగ్ అధికారి టేపు పట్టుకుని వచ్చాడు. వీధిలో సగంమంది చూడ్డానికి వచ్చారు. పైనించి కిందకి ఒకసారి, కిందనించి పైకి ఒకసారి కొలిచి, పది మీటర్లకి ఇంకా బెత్తెడు తక్కువే ఉందండి అన్నాడు.

"నీ టేపు సాగిపోయింది నాయనా" అన్నారు పిన్నిగారు.

"ఇనప టేపండి. సాగదు."

"మరి నా చీరలు తప్పు చెబుతాయా?"

అధికారి టేపు చుట్టుకున్నాడు. మా ఆవిడ మాత్రం మెల్లగా, "పిన్నిగారూ, కొలిచింది కొత్త చీరలా?" అంది.

"కొత్తవే. అందుకనే కొన్నాను. గట్టి నేత."

"కొలిచేముందు తడిపారా?"

"తడపకుండా ఎలా ముట్టుకుంటానమ్మా? కొట్లో ఎంతమంది చేతులు పడ్డాయో. తడిపి ఆరేసుకుని మడిగానే కొలిచాను."

"నేత చీర కదండీ. మొదటి తడుపుకే చీరకో జానెడు ముడుచుకుపోతుంది."

ఈ సంగతి పిన్నిగారికి తెలియనిది కాదు. జీవితమంతా నేత చీరలు కట్టినావిడ. చేతిలో చీర అంచు కాసేపు తిప్పి చూశారు. అవతల సెల్‌ఫోన్లతను నవ్వబోయి మానుకున్నాడు. పిన్నిగారు చీరలు మడతపెట్టి చంకలో పెట్టుకుని అధికారితో అన్నారు.

"సరే. ఎత్తు సరిపోయింది. ఇంతకీ ఈ ఎత్తు ఎందుకు కొలుస్తారు?"

"అందరికీ గాలీ వెలుతురూ రావాలనండి."

"నాకు రావట్లేదు."

"పది మీటర్ల లోపే ఉంది కదండి."

"ఉంది. కాని రావట్లేదు."

"పది మీటర్ల లోపు ఉంటే వచ్చినట్టేనండి" అన్నాడు అతను. పాపం, అతను చేయగలిగింది అంతవరకే. మా ఇంట్లో మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

నేను గెలిచానని వీధిలో అందరూ అన్నారు. రెండు రోజులు నాకూ అలాగే అనిపించింది. మూడో రోజు పొద్దున్నే పిన్నిగారు గోడ అవతల నించి పిలిచారు. వెళ్ళాను. డాబా మీదకి తీసుకెళ్ళి నడిమధ్య నిలబెట్టారు. తడిగుడ్డ పరిచి ఉంది, పక్కన బేసిన్లో పిండి ఉంది, వడియాలు మాత్రం పెట్టలేదు. డాబా అంతా మా ఇంటి నీడ. కాలి కింద చల్లగా ఉంది.

"ఎండ ఏదయ్యా?" అన్నారు.

నేను చుట్టూ చూసి, తల పైకెత్తి చూశాను. మా కొత్త పిట్టగోడ మీద ఎర్రటి ఎండ పడుతోంది.

"అదుగోనండి" అన్నాను.

"ఎక్కడ?"

"మా మేడ మీద."

"అది ఎవరిది?"

నాకు అర్థం కాలేదు. ఎండ ఎవరిదంటే ఏం చెబుతాం? పర్మిషను కాగితం ఇంట్లో ఉంది, టేపు నా వైపు ఉంది. నేను తప్పు చేశానని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కాని ఆ పిండి బేసిను చూస్తే మనసుకి కష్టంగా అనిపించింది. ఏదో ఒకటి అనాలి కదాని, "మీదేనండి" అన్నాను.

"సరే అయితే" అని ఆవిడ బేసిను ఎత్తుకున్నారు.

అంతే. అనుమతి అడగడం, నేను ఇవ్వడం లాంటివేమీ జరగలేదు. నేను ఇంటికి వచ్చేసరికే ఆవిడ మా మెట్ల మీద ఉన్నారు. బేసిను నేనే పైకి మోశాను. తర్వాత గుడ్డ, గొడుగు, పీట కూడా మోశాను.

అప్పటినించి ఎండ కాసే కాలమంతా పిన్నిగారు మా ఇంట్లోంచి పైకి వెళ్ళేవారు. మొదటి అంతస్తు మలుపు దగ్గర ఆగి ఆయాసం తీర్చుకునేవారు. ఆయాసం తీరేదాకా ఊరుకోకుండా మా వంటింట్లోకి ముక్కు పెట్టి, "పప్పు అడుగంటుతోందమ్మాయ్" అనేవారు. నిజంగానే అంటుతుండేది. కాఫీ ఇస్తే తాగి రెండో అంతస్తు దాకా ఎక్కి, అక్కడ మా తమ్ముడి గుమ్మం ముందు మళ్ళీ ఆగి, వాళ్ళ గుమ్మం ముగ్గు బాగా లేదని చెప్పి, పైకి వెళ్ళేవారు. మా మరదలు మొదట్లో బాధపడింది. తర్వాత పిన్నిగారు వచ్చే వేళకి ముగ్గు దిద్దుకోవడం నేర్చుకుంది.

ఓడిపోయినా పిన్నిగారు కొలవడం మానలేదు. చీర మార్చారు. జన్మలో ముట్టని పాలిస్టరు చీరలు రెండు కొన్నారు. తడిపినా ముడుచుకోవని కొట్టువాడి చేత ఒట్టు వేయించుకున్నారట. వాటిని ఇంట్లో పెట్టుకోకుండా గొళ్ళెం వేసిన వసారా పెట్టెలో ఉంచి మునిసిపాలిటీ చీరలు అనేవారు. సిమెంటు ఆయన మూడో అంతస్తు కూడా వేసినప్పుడు వాటితో కొలిచి ఫిర్యాదు చేశారు. ఈసారి లెక్క తప్పలేదు. ఆఫీసువాళ్ళు వచ్చి నోటీసు ఇచ్చారు. ఆ తర్వాత, ఎక్కువ కట్టిన అంతస్తులకి జరిమానా కట్టించుకుని ఒప్పుకునే వెసులుబాటు ప్రభుత్వం ఏదో ఇస్తే సిమెంటు ఆయన అది కట్టేశాడు. అంతటితో ఆ అంతస్తు సక్రమమైపోయింది.

ఈ సంగతి పిన్నిగారికి నేనే వివరించాను. శ్రద్ధగా విన్నారు.

"కడితే అంతస్తు తగ్గిస్తారా?"

"తగ్గించరండి."

"నీడ తగ్గుద్దా?"

"తగ్గదండి."

"మరి ఏం తగ్గుద్ది?"

నేను ఆలోచించి, "కేసు తగ్గుద్దండి" అన్నాను. అది మాత్రం ఆవిడకి అర్థమైంది. కాని ఒప్పుకోలేదు. ఒకసారి గాలికి ఆవిడ గొడుగు ఎగిరి ఆయన మూడో అంతస్తు మీద పడింది. వెళ్ళి తెచ్చుకోమంటే, పర్మిషను లేని అంతస్తులోకి నేను అడుగుపెట్టనన్నారు. జరిమానా కట్టేశారు కదండీ అని గుర్తుచేశాను. ఆయన కట్టాడు గాని నేను కట్టించుకోలేదు కదా అన్నారు. గొడుగు ఒక పూటంతా అక్కడే ఉంది. చివరికి సిమెంటు ఆయనే పట్టుకొచ్చి ఇచ్చి, చల్ల మిరపకాయలు ఉన్నాయేమోనని అడిగి పట్టుకెళ్ళాడు.

ఆయన జరిమానా కట్టి గట్టెక్కడం మా తమ్ముడు చూశాడు. పొగాకులో పోయింది అద్దెల్లో లాగాలని వాడి ఆలోచన. మూడో అంతస్తు వేసి అద్దెకిస్తే కూర్చుని తినొచ్చన్నాడు. నేను వద్దన్నాను. పర్మిషను రాదన్నాను. అందరూ వేస్తుంటే మనమొక్కళ్ళమే సత్యసంధులమా అన్నాడు. ఇల్లు సగం వాడిది. ఒకరోజు పొద్దున్న నాకు చెప్పకుండా మేస్త్రీనీ, కొలతల తాడునీ తీసుకుని పైకి వెళ్ళాడు. గొడవవుతుందేమోనని నేనూ వెనకాలే వెళ్ళాను. పిన్నిగారు గుడ్డ తిరగేసి, అడుగున నీళ్ళు చిలకరించి వడియాలు ఊడదీస్తున్నారు.

"ఏంటబ్బాయ్, తాడు పట్టుకుని తిరుగుతున్నావు?" అన్నారు తమ్ముణ్ణి.

"ఇంకో అంతస్తు వేద్దామనండి."

"పర్మిషను ఉందా?"

"లేదండి. తర్వాత జరిమానా కట్టేస్తే సరిపోద్దండి."

మేస్త్రీ "ఆయ్, సరిపోద్దండి" అన్నాడు.

పిన్నిగారు వడియాలు ఊడదీయడం ఆపలేదు. నేను ఆఫీసుకి వెళ్తే ఇది ఆగిపోద్ది, తెలుసు కదా అన్నారు. తమ్ముడు తెలుసన్నాడు.

"వెళ్ళను. మీ ఇంట్లో కాఫీ తాగుతున్నాను. అన్నం పెట్టినా తిన్నాను. మీ మీద కాగితం పెట్టలేను" అన్నారు. ఇంకో వడియం ఊడదీసి చేటలో వేశారు. "వేసుకో. ఎండ మళ్ళీ ఆ పైకి వెళ్ళుద్ది. నా మోకాళ్ళు మాత్రం ఇంతవరకే వస్తాయి. ఈ రెండంతస్తులే ఎలా ఎక్కుతున్నానో నాకు తెలుసు. మూడోది నావల్ల కాదు. నేనున్నన్నాళ్ళు ఆగబ్బాయ్. తర్వాత నీ ఇష్టం."

ఆవిడ ఎవరినైనా బతిమాలడం నేను చూసింది అప్పుడొక్కసారే. మా తమ్ముడు మాత్రం పొగాకు వ్యాపారి. ఏ బేరమైనా గడువు అడక్కుండా ఒప్పుకునే అలవాటు లేదు.

"అంటే ఎన్నాళ్ళుంటారండి?" అన్నాడు.

నేను తలదించుకున్నాను. పిన్నిగారు నొచ్చుకోలేదు. న్యాయమైన ప్రశ్న అన్నట్టు ఆలోచించారు.

"డెబ్బై దాటాయి. బీపీ ఉంది, షుగరుంది. మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ ఎక్కువకాలం లేరు. ఎన్నాళ్ళో పట్టదులే."

"సరేనండి అయితే" అన్నాడు తమ్ముడు. మేస్త్రీ తాడు చుట్టుకున్నాడు. అలా ఒప్పందం కుదిరింది.

తర్వాత జరిగింది ఎవరూ అనుకోనిది. రోజూ మా మేడ ఎక్కి దిగడంతో పిన్నిగారి షుగరు అదుపులోకి వచ్చింది. బీపీ మాత్ర సగానికి తగ్గించారు. ఏం చేస్తున్నారో అదే చేయండి అని డాక్టరు మెచ్చుకున్నాడట. ఆవిడ ఈ మాట తమ్ముడి గుమ్మం ముందు నిలబడి చెబితే వాడు పైకప్పు వైపు ఒకసారి చూశాడు. తర్వాత, "మంచిదేనండి" అన్నాడు.

ఏళ్ళు గడిచాయి. వాడు రోజూ పొద్దున్న కిందకి దిగుతూ, "పిన్నిగారు ఎలా ఉన్నారు?" అని మా ఆవిడని అడిగేవాడు. ఆ పలకరింపులో ఎంత ఆపేక్ష ఉందో, ఎంత ఇనపచువ్వల ధర ఉందో నేను తేల్చుకోలేకపోయేవాణ్ణి. పిన్నిగారికి తెలుసు. పైకి వెళ్తూ వాడి గుమ్మం దగ్గర ఆగి, లోపలికి వినపడేలా, "ఉన్నానబ్బాయ్" అనేవారు. వాడు లోపలినించి, "అలాగేనండి" అనేవాడు. ఇది వాళ్ళిద్దరికీ నిత్యపూజలా అయిపోయింది. ఆవిడ ఏ రోజైనా రాకపోతే వాడు పేపరు చదువుతున్నట్టు గుమ్మం దగ్గరే కూర్చునేవాడు.

ఒకసారి మెట్లకి ఇనప గొట్టం వేయించాడు, పట్టుకుని ఎక్కడానికి. ఎందుకురా అంటే, పడి కాలో చెయ్యో విరిగితే మన మీదకి వస్తుందన్నాడు. ఇంకోసారి పిన్నిగారు జ్వరంతో పడుకుని ఉండగా అకాలంగా వాన వచ్చింది. పైన చల్ల మిరపకాయలు ఎండుతున్నాయి. నేను దుకాణంలోంచి పరిగెత్తి మేడ ఎక్కేసరికి తమ్ముడు ఒళ్ళంతా తడిసి, లుంగీలో మిరపకాయలు పోసుకుని దిగుతున్నాడు. నన్ను చూసి, "తడిస్తే బూజు పడతాయి, ఇల్లంతా కంపు" అన్నాడు. వాటిని తీసుకెళ్ళి తన గదిలో ఫ్యాను కింద పరిచాడు. ఆ ఘాటుకి మా మరదలూ పిల్లలూ మా వాటాలోకి వచ్చి పడుకున్నారు. వాడొక్కడే అక్కడ దగ్గుతూ ఉన్నాడు.

మే నెలలో ఆ రోజు పిన్నిగారు మామూలుగానే వచ్చారు. భీమవరం వాళ్ళ పెళ్ళికి గుమ్మడి వడియాలు. తమ్ముడి గుమ్మం ముందు "ఉన్నానబ్బాయ్" అన్నారు, వాడు "అలాగేనండి" అన్నాడు. గుడ్డ నిండా పెట్టి, గొడుగు తెరిచి పెట్టి, కిందకి దిగి మా ఇంట్లో కాఫీ తాగారు. డికాషను పలచగా ఉందన్నారు. ఇంటికి వెళ్ళి ఫ్యాను వేసుకుని పడుకున్నారు. మధ్యాహ్నం సెల్‌ఫోన్లతను అద్దె ఇవ్వడానికి తలుపు తడితే పలకలేదు.

భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ నడిపే మేనల్లుడు వచ్చి అన్నీ జరిపించాడు. మర్నాడు మా ఆవిడ పైకి వెళ్ళి, ఏడుస్తూనే నీళ్ళు చిలకరించి వడియాలు ఊడదీసి, చేటలో పోసి తిరగేసింది. పెళ్ళివారికి పంపించమని మేనల్లుణ్ణి అడిగితే, చావింటివి శుభానికి పనికిరావండి, వాళ్ళు వేరే చోట తీసుకున్నారు అన్నాడు. దాంతో అవి మా మేడ మీదే ఉండిపోయాయి.

పెద్ద దినం అయిన రెండు రోజులకి మేస్త్రీ వచ్చాడు. ఎవరూ పిలవలేదు. అతనికీ ఒప్పందం తెలుసు కదా, గడువు తీరిందని తనే వచ్చాడు. తమ్ముడు అతన్ని పైకి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. వద్దని చెప్పడానికి నా దగ్గర కొత్త మాటేమీ లేదు. ఇన్నేళ్ళు ఆగినవాణ్ణి ఇంకా ఆగమని ఏ మొహంతో అడుగుతాం?

రోహిణి కార్తె ఎండ. మేడ మీద కాలు పెట్టలేకపోతున్నాం. మేస్త్రీ టేపు తీసి, చేట ఉన్న మూల దగ్గరికి వెళ్ళి, "ఇవి కాస్త తీయిస్తే గుర్తులు పెట్టుకుంటానండి" అన్నాడు.

తమ్ముడు వంగి ఒక వడియం తీశాడు. రెండు వేళ్ళతో నొక్కి చూశాడు. అది రాయిలా ఉంది, నాకు ఇక్కణ్ణించే తెలుస్తోంది.

"ఇంకా పచ్చిగా ఉన్నాయి" అన్నాడు.

"ఇంత ఎండలోనాండి?" అన్నాడు మేస్త్రీ.

"గుమ్మడి వడియాలు. లోపల చెమ్మ ఉంటుంది. ఎండనీ, తర్వాత చూద్దాం."

"తర్వాతంటే ఎప్పుడండి? మృగశిర వచ్చేస్తోంది. వానలు పడితే శ్లాబు పని సాగదండి."

"వానలొస్తే లోపల పెడతాం. తగ్గాక మళ్ళీ ఎండబెడతాం" అన్నాడు తమ్ముడు. మేస్త్రీ వైపు గాని నా వైపు గాని చూడలేదు. కళ్ళు తుడుచుకుని, చెమట అన్నాడు.

మేస్త్రీ ఏం చేయాలో తోచక నా వైపు తిరిగాడు. "మీరైనా చూసి చెప్పండి" అన్నాడు. నేను చేటలోంచి ఒకటి తీసి నోట్లో వేసుకుని కొరికాను. అది టక్కున విరిగింది. వాళ్ళిద్దరూ నన్నే చూస్తున్నారు.

"అవును, పచ్చిగానే ఉంది. ఇంకా చాలా ఎండ కావాలి" అన్నాను. మేస్త్రీ టేపు చుట్టుకుని మెట్లు దిగిపోయేదాకా, నోట్లో ఉన్నది చప్పుడు కాకుండా నమలడానికి నేను నానా తంటాలూ పడ్డాను.